సువార్తమ్మ మామ్మ గొయ్యీ, నా రివర్సూ

మనిషిని దించాక గొయ్యి పూడ్చడం లోకం తీరు. మనిషి ఇంకా దారిలో ఉండగానే పూడ్చేసినవాణ్ణి దివిసీమ మొత్తానికి నేనొక్కణ్ణే. పారతో కాదు, తట్టతో కాదు. ట్రాక్టరుకు నాలుగు చక్రాల ట్రక్కు తగిలించుకుని, వెనక్కి తోలుకుంటూ వెళ్ళి, లివరు లాగి, ఒక్క దెబ్బలో పూడ్చాను. ఇది జరిగి ఇరవై రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ నేనెక్కడా చెప్పలేదు. సిగ్గు ఒక కారణం. అసలు కారణం, ఈ కథ చెప్పే మనిషి వేరే ఉండేవాడు. నాకంటే బాగా చెప్పేవాడు. ఇప్పుడు ఆ పని నా మీద పడింది.

మాది మోపిదేవికి దగ్గర్లో, కాలువ గట్టు వెంట పొడుగ్గా సాగిన చిన్న ఊరు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బందరులో డిగ్రీ చదివి, ఇంటికొచ్చి, ఉద్యోగం కోసం చూస్తూ పుస్తకాలు చదువుతుండేవాణ్ణి. నాకు కట్టెలు కొట్టడం రాదు. కానీ గొడ్డలి బరువు ఎక్కడుంటే దెబ్బ గట్టిగా పడుతుందో చెప్పగలను. ఇలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకు తెలుస్తుంది, ఆ ఇంట్లో కట్టెలు ఎవరు కొడతారో.

ఊళ్ళో ట్రాక్టరు యేసుపాదం మావయ్యది. మాకు చుట్టం కాడు. ఊరందరికీ ఆయన మావయ్యే. సన్నటి మనిషి, మాట తక్కువ. కానీ ట్రక్కును వెనక్కి తోలడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. మా వైపు ట్రాక్టరు వెనక తగిలించే తొట్టిని ట్రక్కు అంటారు. రెండు చక్రాల ట్రక్కయితే ఎవరైనా నాలుగు రోజుల్లో నేర్చుకుంటారు. నాలుగు చక్రాలది వేరు. దాని ముందు ఇరుసు కూడా తిరుగుతుంది, అంటే దానికి మెడ ఉంటుంది. మనం స్టీరింగుతో ఒక మాట చెబితే, ట్రాక్టరు దాన్ని తిరగేసి చెబుతుంది, ఆ మెడ మళ్ళీ తిరగేసి వింటుంది. వియ్యంకుడికి మనసులో మాట మధ్యవర్తి చేత చెప్పి పంపినట్టు ఉంటుంది వ్యవహారం.

అలాంటి దాన్ని మావయ్య రెండు గోడల మధ్య జానెడు జాగా ఉంటే చాలు, సందు చివరిదాకా నోట్లో చుట్ట బూడిద రాలకుండా తోలేవాడు. ఆ వేసవిలో నాకూ ట్రాక్టరు నేర్పాడు. ముందుకు తోలడం తొందరగానే వచ్చింది. వెనక్కి తోలడానికి కోతలైన పొలంలోకి తీసుకెళ్ళాడు. ఆయన పాఠం మూడు ముక్కలే.

"మెలిక పడితే వెనక్కి నెట్టమాకురా. ముందుకు లాగి సరిచేసుకో. మళ్ళీ రా."

నాకు ఆ మూడు ముక్కలు చాలలేదు. ఇంటికెళ్ళి మూడు అగ్గిపెట్టెలు దారంతో కట్టి, కాగితం మీద కోణాలు గీసి, ఒక సిద్ధాంతం తయారుచేశాను. అగ్గిపెట్టెలు నేను చెప్పినట్టే విన్నాయి. పొలంలో ట్రక్కు కూడా విన్నట్టే అనిపించింది. పొలంలో గోడలుండవు కదా. అది ఎటు పోయినా, నేను అటే పొమ్మన్నానని చెప్పుకోవడానికి అడ్డేముంది?

కాలువకు నీళ్ళు వదిలిన నెలలో మావయ్య తల్లి సువార్తమ్మ మామ్మ కన్నుమూసింది. తొంభైకి దగ్గర పడిన మనిషి. ఆమె జీవితంలో సగం తడితోనే గడిచింది. చెమ్మగోడల ఇంట్లో కాపురం, మోకాలి లోతు నీళ్ళలో ఊడ్పులు, తుఫానొస్తే నెత్తిన బియ్యం మూటతో చర్చి అరుగు మీదకు పరుగు. చివరి రోజుల్లో కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే అడిగింది.

"నన్ను నీళ్ళలో పెట్టమాకురా నాయనా. పొడిచోట పెట్టు."

కొడుకు మాటిచ్చాడు. ఇక్కడే వచ్చింది చిక్కు. మా సమాధుల దొడ్డి కాలువ గట్టు కింద పల్లంలో ఉంటుంది. కాలువ పారే రోజుల్లో మోకాలి లోతు తవ్వేసరికి అడుగున నీళ్ళూరతాయి. ఎవరు పోయినా ముందు ఏటి ఒడ్డు నుంచి బుసక తెస్తారు. బుసకంటే పొడి ఇసక నేల మట్టి. గొయ్యిలో నీళ్ళు తోడేసి, అడుగున జానెడు మందాన బుసక పరిచి, దాని మీద పెట్టె దించుతారు. అలా పరిచినా కాసేపటికి చెమ్మ పైకి వస్తుందని అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ ఆ మాటెత్తరు.

ఇంతకుముందు ఎవరు పోయినా బుసక తెచ్చింది యేసుపాదం మావయ్యే. ఆ రోజు పోయింది ఆయన తల్లి. ఆయన పెట్టె దగ్గర నుంచి కదలకూడదు. నేను పందిట్లో నిలబడి ఉంటే, నన్ను పక్కకు పిలిచాడు.

"సుధాకరూ, బుసక నువ్వు తేవాలిరా."

"తెస్తాను మావయ్యా."

"తేవడం కాదు. దొడ్డి లోపల బండి తిరగదు. గట్టు మీద నుంచి గేట్లోకి రివర్సులోనే పోవాలి. వచ్చా నీకు?"

ఏడ్చి ఎర్రబడిన కళ్ళతో ఆయన అలా అడిగితే రాదని చెప్పలేకపోయాను. ఇది నేను ఇన్నాళ్ళూ దాచుకున్న సాకు. నిజం చెప్పమంటే, అగ్గిపెట్టెల మీద నాకు నమ్మకం కుదిరింది.

"వచ్చు మావయ్యా," అన్నాను.

ఏటి గట్టున మనుషులు ట్రక్కుడు బుసక నింపారు. మధ్యాహ్నం మూడింటికి దొడ్డి దగ్గరికొచ్చాను. నాలుగింటికి పెట్టె రావాలి. లోపల గొయ్యి తవ్వి నీళ్ళు తోడుతున్నది నాంచారయ్య బావ. సముద్రం మీద వేట లేని రోజుల్లో ఆయన ఊళ్ళో గోతులు తవ్వుతాడు. నన్ను చూసి గట్టు మీదకొచ్చాడు.

"మావయ్య పంపాడా నిన్ను?"

"పంపాడు బావా."

"రివర్సు వచ్చని చెప్పావా?"

"చెప్పాను."

"సరే. ఆ చెప్పిన నోరు మూసుకుని నా మాట ఇను. నేను రానీ అంటే రా. ఆపంటే ఆపు."

గేటు స్తంభాలకీ ట్రక్కుకీ అటు బెత్తెడు, ఇటు బెత్తెడు జాగా. లోపల రెండు వరసల సమాధుల మధ్య బాట. బాట చివర గొయ్యి. మొదటిసారి తోలితే ట్రక్కు కాలువ వైపు చూసింది. రెండోసారి ఊరి వైపు చూసింది. మూడోసారి ఏకంగా మడతపడి నా వైపే తిరిగి, ఏం కావాలి అన్నట్టు నా పక్కనొచ్చి నిలబడింది.

"మాట్లాడుకున్నారా మీరిద్దరూ?" అన్నాడు నాంచారయ్య బావ.

"ఉండు బావా. ఇక్కడ కోణం ఎక్కువైంది."

"కోణం సంగతి దేవుడెరుగు. ముందుకు లాగు."

ఎన్నిసార్లు లాగానో లెక్క లేదు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. సిద్ధాంతం నా తలలో నుంచి ఎప్పుడు దిగిపోయిందో తెలియదు. మావయ్య చెప్పిన మూడు ముక్కలే మిగిలాయి. ముందుకు లాగాను, సరిచేసుకున్నాను, మళ్ళీ వచ్చాను. చివరికి ట్రక్కు ఏమనుకుందో, పెళ్ళికూతురు తలవంచుకుని పందిట్లోకొచ్చినట్టు తిన్నగా గేటు దాటింది. వెనక నుంచి బావ గొంతు వినిపిస్తోంది.

"రానీ... రానీ... రానీ... ఆపు."

ఆపాను. గొయ్యి అంచుకు రెండడుగుల దూరంలో ఉంది ట్రక్కు. ఒక్క సమాధికీ గీత పడలేదు. ఆ క్షణంలో నేను స్టీరింగు మీద చెయ్యి వేసుకుని కూర్చున్న తీరు మీరు చూసి ఉంటే, ఈ మనిషికి ఏదో కీడు జరగబోతోందని మీకే అర్థమయ్యేది.

"బాగానే తెచ్చావురా," అన్నాడు బావ, ట్రక్కు వెనక డోరు గొళ్ళెం తీస్తూ. "నాలుగడుగులు ముందుకు పోనిచ్చి, అక్కడ ఎత్తు. గొయ్యి పక్కన కుప్ప పడాలి. తొందరేం లేదు, నేను వచ్చాక ఎత్తుదువుగాని."

బావ ట్రక్కు చాటుకు వెళ్ళాడు, తర్వాత ఎటు పోయాడో నేను చూడలేదు. నేను ముందుకు పోలేదు. ఎందుకు పోలేదో మీకు చెప్పాలి. ఇంత కష్టపడి తిన్నగా నిలబెట్టినదాన్ని కదిపితే మళ్ళీ ఎటు చూస్తుందో అని భయం. అదీ కాక గట్టు మీద దూరంగా కీర్తన వినిపిస్తోంది. ఊరేగింపు బయల్దేరింది. ఇక్కడి నుంచే తొట్టి కొంచెం ఎత్తితే కొంచెం బుసక జారుతుంది, అది గొయ్యి అడుగున పడుతుంది, బావకు పరిచే పని కూడా తప్పుతుంది అని లెక్క వేశాను. కొంచెం ఎత్తితే కొంచెం, ఎక్కువ ఎత్తితే ఎక్కువ. పుస్తకం చదివినవాడికి ఇది కాక ఇంకేం తోస్తుంది?

లివరు లాగాను. తొట్టి ముందు భాగం లేచింది. బుసక రాలేదు. దారి పొడుగునా కుదుపులకు అణిగి కూర్చుంది. ఇంకొంచెం ఎత్తాను. రాలేదు. ఇంకొంచెం ఎత్తాను. పిడికెడు రాలింది. ఇంకొంచెం ఎత్తాను. అప్పుడొచ్చింది. ప్రార్థనకు సంఘమంతా ఒక్కసారి లేచి నిలబడినట్టు, మొత్తం బుసక ఒకే మాట మీద వచ్చింది.

దుమ్ము అణిగాక దిగి చూశాను. గొయ్యి లేదు. గొయ్యి ఉన్నచోట గుట్ట ఉంది.

ఎవరు తీసుకున్న గోతిలో వాళ్ళే పడతారంటారు. తీసింది నాంచారయ్య బావ, పడింది బుసక, ఇరుక్కున్నది నేను. ఇలా మూడు ముక్కలైన సామెత ఇంకోటి లేదు. కానీ అప్పుడు నాకు సామెతలు గుర్తురాలేదు. గుట్ట అంచున బావ తువ్వాలు కొస కనిపించింది.

"బావా," అని పిలిచాను. పలకలేదు. ట్రక్కు చుట్టూ తిరిగాను. లేడు. నీళ్ళు తోడటానికి మళ్ళీ గోతిలోకి దిగి ఉంటాడు. మోకాళ్ళ మీద పడి చేతులతో తోడటం మొదలుపెట్టాను. ఏడుస్తున్నాను, తోడుతున్నాను. కాసేపటికి నా పక్కన ఇంకో జత చేతులు తోడుతున్నాయి. ఎవరో తల తిప్పి చూసే ఓపిక కూడా నాకు లేదు.

"ఎవరు పడ్డార్రా?" అన్నాడా మనిషి, ఆయాసపడుతూ.

"నాంచారయ్య బావ."

"అయ్యో. ఎప్పుడు దిగాడు?"

"ఇప్పుడే. నీళ్ళు తోడటానికి."

ఆ చేతులు ఇంకో రెండు దోసిళ్ళు తోడి ఆగాయి.

"నాంచారయ్యంటే నేనే గదరా."

కాలువలో కాళ్ళు కడుక్కుని, చుట్ట వెలిగించుకుందామని వచ్చేసరికి ఎవరో కూరుకుపోయారనుకుని తోడటం మొదలుపెట్టాడట. నేనాయన్ని కావలించుకున్నాను. ఆయన నన్ను విడిపించుకుని గుట్ట వంక చూశాడు.

"నా పార లోపలుంది. బకెట్టు లోపలుంది. చుట్టల కట్ట లోపలుంది. నేనొక్కణ్ణే బయటున్నాను," అన్నాడు. తర్వాత మెల్లగా, "పోయి పాస్టరు గారికి చెప్పు. నేను ఆ పక్కిళ్ళలో పారలు అడుక్కొస్తాను," అన్నాడు.

ఊరేగింపు కాలువ వంతెన దాకా వచ్చింది. ముందు పాస్టరు గారు, వెనక పెట్టె, పెట్టె కింద భుజం పెట్టి యేసుపాదం మావయ్య. నేను ఒళ్ళంతా బుసకతో పాస్టరు గారి పక్కకు చేరాను.

"అయ్యగారూ, ఇంకో గంట పట్టేట్టుందండి."

"ఏం, గొయ్యి తియ్యలేదా?"

"తీశామండి."

"మరి?"

"పూడ్చామండి."

ఆయన నడుస్తూ నడుస్తూ ఆగిపోయారు. వెనక పెట్టె వంక ఒకసారి చూసి, మామ్మ అక్కడే ఉందని నిశ్చయించుకుని, నా వంక తిరిగారు.

"ఎవర్ని పెట్టి?"

"ఎవర్నీ లేదండి. ఖాళీగానే."

మా పాస్టరు గారి ప్రార్థన పొడుగు. కాస్త కుదించండయ్యా అని సంఘం పదేళ్ళుగా బతిమాలుతోంది. ఆ రోజు మొదటిసారి ఒక మనిషి పొడిగించమని అడిగాడు. పాపం, ఆ రోజే ఆయన గొంతు పట్టేసి ఉంది. వంతెన మీదే బల్లలు వేయించి పెట్టె దించారు. ఆడవాళ్ళు కీర్తన అందుకున్నారు. అయ్యేసరికి ఇంకోటి అందుకున్నారు. ఎందుకు ఆగారో తెలియకపోయినా, మామ్మ మీద ప్రేమతో ఆగారనుకుని జనం మరింత బాగా పాడారు.

మావయ్య మాత్రం నా ఒంటి మీది బుసక చూశాడు. పెట్టె దగ్గర నుంచి లేచి దొడ్డి వైపు నడిచాడు. నేను వెనకాలే నడిచాను. ఆ నడకంత పొడుగు దారి నాకు ఇంకోటి తెలియదు. ఒక్క కోరిక కోరింది ఆ తల్లి. ఆ ఒక్కటీ నెరవేర్చమని నమ్మి నా చేతికి బండి ఇచ్చాడు ఈయన.

గుట్ట ముందు నిలబడ్డాడు.

"గొయ్యేదిరా?"

"దీని కింద మావయ్యా."

"రివర్సు వచ్చన్నావు."

"రివర్సు వచ్చింది మావయ్యా. ఎత్తడమే..."

ఆయన వంగి గుప్పెడు బుసక తీసుకున్నాడు. పిడికిలి బిగించి, వదిలాడు. బుసక వేళ్ళ సందుల్లోంచి జలజలా రాలిపోయింది. మళ్ళీ ఇంకో గుప్పెడు తీశాడు. అదీ రాలిపోయింది. అరచెయ్యి చూసుకున్నాడు. చెమ్మ లేదు.

"నాంచారయ్యా," అన్నాడు బావతో, "ఇప్పుడు ఇందులో సగం దాకానే తవ్వితే?"

పారలు పట్టుకొచ్చి నిలబడ్డ బావ ఆలోచించాడు. "అడుగున నడుం లోతు బుసకుంటుంది. పక్కలా అదే. నీళ్ళు పైకి రావాలంటే చాలా దూరం."

మావయ్య భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. మూడు రోజులుగా మనిషి నోట్లోకి మెతుకు పోలేదు. బుసక గుట్ట పక్కన చతికిలబడి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, వంతెన మీది జనానికి వినపడకుండా నవ్వుతున్నాడు. తర్వాత అది ఏడుపయింది. ఎక్కడ మారిందో నాకు తెలియలేదు.

"మా అమ్మ చూసి ఉంటే చీపురు తిరగేసేదిరా నీ మీద," అన్నాడు లేస్తూ. "పార పట్టు."

పొడి బుసకను తవ్వడం అంటే నీళ్ళను కత్తితో కోయడమే. ఒక పార తీస్తే రెండు పారలు జారుతుంది. మావయ్యే ఉపాయం చెప్పాడు. ట్రక్కు పక్క డోర్లు ఊడదీసి, నాలుగు వైపులా దన్నుగా నిలబెట్టి, మధ్యలో తవ్వాం. నాలుగు దిక్కులా ఇనప డోర్లు, వాటి మీద ఆ ట్రాక్టరు నంబరు. అలా తయారైంది మామ్మ గొయ్యి. పెట్టె దించాక డోర్లు పైకి లాగేశాం. బుసక దానంతటదే వచ్చి చుట్టూ సర్దుకుంది. పూడ్చడంలో నాకు అప్పటికే అనుభవం ఉంది కాబట్టి, దూరంగా ఉండమన్నారు.

అందరి సమాధుల కంటే అది ఎత్తుగా తేలింది. తర్వాత ఎన్నోసార్లు వానలకు దొడ్డి మునిగింది. మిగతా సమాధులు మెడ లోతు నీళ్ళలో నిలబడితే, మామ్మ మాత్రం పొడిగా పడుకుంది. ఏటా సమాధుల పండగకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు, మావయ్య చుట్టూ చేరినవాళ్ళకు ఈ కథ మొదటి నుంచీ చెప్పేవాడు. నేను గుడివాడలో లైబ్రేరియన్ ఉద్యోగంలో చేరాక కూడా ఆ పండగకు తప్పకుండా వచ్చేవాణ్ణి. చెప్పడం పూర్తయ్యాక నా భుజం మీద చెయ్యి వేసేవాడు.

"మా అమ్మకు మేడ మీద గది ఇప్పించాడు వీడు."

పోయిన నెలలో మావయ్య పోయాడు. కబురందిన గంటలో బయల్దేరాను. పందిట్లో అత్తయ్య, అంటే మావయ్య భార్య, పెట్టె పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి, కళ్ళు తుడుచుకుని దగ్గరకు రమ్మంది.

"మీ మావయ్య నీకు ఒక పని చెప్పి పోయాడయ్యా. బుసక సుధాకరే తేవాలన్నాడు."

"తెస్తానత్తయ్యా."

"ఆగు, ఇంకో మాట కూడా ఉంది." ఆమె ఒకసారి పెట్టె వంక చూసింది. "ట్రాక్టరు గేటు బయటే ఆపించమన్నాడు."

పందిట్లో నవ్వాను. ఆపుకోవాలని చూశాను, వల్ల కాలేదు. జనం నా వంక తిరిగారు. అత్తయ్య కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన ట్రాక్టరే, ఆయన ట్రక్కే. ఏటి ఒడ్డుకు వెళ్ళి బుసక వేయించుకుని గట్టు మీద మెల్లగా తోలుకొచ్చాను. సమాధుల దొడ్డి గేటుకు అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని నాంచారయ్య బావ కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఆయన గోతులు తవ్వడు, తవ్వేవాళ్ళకు చెబుతాడు. నేను బ్రేకు వేయగానే కర్ర పైకెత్తాడు.

"సుధాకరూ, నేనిక్కడున్నాను. బయటే ఉన్నాను. బాగా చూసుకో."

"చూశాను బావా."

"చుట్టల కట్ట కూడా జేబులోనే ఉంది."

గేటు బయట ఆపి, తట్టలతో మోశాం. ఒక్కో తట్టా గొయ్యి అంచున వంచాను, కొంచెం కొంచెంగా. కొంచెం వంచితే కొంచెమే జారింది. ఆ లెక్క తట్ట విషయంలో తప్పలేదు. మావయ్యను తల్లి పక్కనే, అడుగున అంతే మందం బుసక పోసి పడుకోబెట్టాం. తిరిగొచ్చాక అత్తయ్య అడిగింది, "పొడిగా ఉందా?" అని. పొడిగా ఉందత్తయ్యా అన్నాను.

కాబట్టి, ఇది చదివిన మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో నాలుగు చక్రాల ట్రక్కును ఏ గేట్లోకీ వెనక్కి తోలను. అగ్గిపెట్టెలను దీపం వెలిగించడానికి తప్ప దేనికీ వాడను. మా సమాధుల దొడ్డి గేట్లోకి బండితో పాటు ఎన్నటికీ ప్రవేశించను. ఒక్కసారి తప్పదు, అది అందరికీ ఉన్నదే. అయితే ఆ రోజు స్టీరింగు దగ్గర నేను ఉండను కాబట్టి, గొయ్యి పూడిపోయి ఉంటే మాత్రం నన్ను అడగొద్దు.